మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇంట్లోనే ఆటలతో చదువు: వేటితో ఆడించాలి, వేటికి డబ్బు పెట్టాలి?

మూడేళ్లు నిండగానే నర్సరీలో వేసేయాలా, ఇంకో రెండేళ్లు ఇంట్లోనే ఆడిస్తూ నేర్పుకోవచ్చా అని ఆలోచించే అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు. ఇంట్లోనే ఉంచుదాం అని తేల్చుకున్న మర్నాటి నుంచి రెండో టెన్షన్ మొదలవుతుంది. ఏం కొనాలి? ఆన్‌లైన్‌లో వెతికితే మాంటిస్సోరి కిట్లు, ఫ్లాష్ కార్డులు, బ్లాకులు, చెక్క బొమ్మలు, ఆప్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే "మిమ్మల్ని ఏ కిట్లు కొని పెంచాం?" అంటారు. ఆ మాటలో నిజం చాలానే ఉంది.

ముందు చట్టం సంగతి చెప్పి, అసలు విషయానికి వస్తాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఆరేళ్లలోపు పిల్లల్ని నర్సరీకి పంపి తీరాలని అందులో లేదు. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా చూసి, అందులో చదువు ఆటల ద్వారానే సాగాలని చెప్పింది. ఆ ఆలోచనతోనే కేంద్రం 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలతో 'జాదూయీ పిటారా' అనే పెట్టెను విడుదల చేసింది. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అంటోంది. అయినా కొన్ని బడులు 'ఇంటరాక్షన్' పేరుతో పిల్లల్ని ప్రశ్నలు అడుగుతాయి. కాబట్టి మీరు చేర్చాలనుకున్న బడి పద్ధతేమిటో ఏడాది ముందే కనుక్కోవడం మంచిది.

## కొనేముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు అడగాల్సింది పిల్లల గురించి కాదు, పెద్దల గురించి. బొమ్మ దగ్గర ఎవరు కూర్చుంటారు, రోజుకు ఎంతసేపు? అమ్మ ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉండే ఇంటికీ, అమ్మమ్మ పొద్దున్నే చాట పట్టుకుని కూర్చునే ఇంటికీ ఒకే జాబితా పనికిరాదు. ఎంత మంచి బొమ్మ కొన్నా, అది అడిగినంత సమయం పెద్దవాళ్లు ఇవ్వలేకపోతే వారం తిరక్కుండా మంచం కిందకి పోతుంది.

ఆ తర్వాత చూడాల్సింది మాట. మూడు నుంచి ఆరేళ్ల మధ్య నేర్చుకునే వాటిలో పెద్దది భాషే. ఒక వస్తువు చుట్టూ ఎన్ని మాటలు పుడతాయన్నది దాని ధర కంటే ముఖ్యం. బటన్ నొక్కితే అదే పాట పాడే బొమ్మ దగ్గర పిల్లలు వింటారు. నాలుగు గిన్నెలు, కాసిని నీళ్లు ఇస్తే వాళ్లే మాట్లాడతారు.

ఒకే వస్తువుతో ఎన్ని ఆటలు ఆడొచ్చు, మూడేళ్లప్పుడు ఇచ్చినది ఐదేళ్లకీ పనికొస్తుందా అన్నది కూడా చూసుకోండి. ఇక భద్రత గురించి బేరమే లేదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసిన వాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న వాటికీ మినహాయింపు ఉంది. అందుకే ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు కనబడకపోతే కంగారు పడక్కర్లేదు. ఊరూ పేరూ లేని ప్లాస్టిక్ బొమ్మ మీద లేకపోతే మాత్రం కొనకండి.

| ఎంపిక | పెద్దలు పక్కన ఉండాలా? | మాటలు పుడతాయా? | ఏ వయసుకి బాగుంటుంది | ఖర్చు |
|---|---|---|---|---|
| వంటింటి సామాన్లు | దాదాపు ఎప్పుడూ | చాలా | 3 నుంచి 6 | లేదు |
| గవ్వలు, గుంటలు, ముగ్గు | కలిసి ఆడాలి | చాలా | నాలుగున్నర దాటాక | నామమాత్రం |
| చెక్క బొమ్మలు, లక్కపిడతలు | అప్పుడప్పుడు | బాగా | 3 నుంచి 6, కొండపల్లివి 5 దాటాక | కొంత |
| బ్లాకులు | అక్కర్లేదు, మధ్యమధ్య పలకరిస్తే చాలు | అడిగితేనే | 3 నుంచి 8 | కొంత ఎక్కువ, ఒక్కసారే |
| మాంటిస్సోరి కిట్లు | మొదట చూపించాలి | తక్కువ | ఒక్కోటి కొన్ని నెలలే | ఎక్కువ |
| ఫ్లాష్ కార్డులు, వర్క్‌బుక్కులు | ఎప్పుడూ | తక్కువ | 5 దాటాక | తక్కువ |
| ఆప్‌లు, వీడియోలు | ఉండాలి, ఎవరూ ఉండరు | చాలా తక్కువ | వీలైనంత ఆలస్యంగా | కనబడదు |

## వంటింటి సామాన్లు

నా మొదటి ఓటు దీనికే. డబ్బు మిగులుతుందని మాత్రమే ఇలా అనడం లేదు. వంటింట్లో ఉన్నంత లెక్క, సైన్సు, భాష ఏ పెట్టెలోనూ దొరకవు.

ఒక చాటలో గుప్పెడు రాజ్మా, గుప్పెడు శనగలు, గుప్పెడు కందిపప్పు కలిపి, పక్కన మూడు గిన్నెలు పెట్టండి. మూడేళ్ల పాప ముందు రాజ్మా ఏరుతుంది, ఎందుకంటే అవి పెద్దవి, రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కందిపప్పు దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి గోటితో గిల్లినట్టు పట్టుకోవాలి. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సింది ఆ వేళ్లతోనే. నాలుగేళ్లు దాటాక పెసరపప్పు, మినప్పప్పు లాంటి దగ్గరి సైజువి కలపండి. ఐదేళ్లకు "ఏవి ఎక్కువున్నాయో లెక్కపెట్టకుండా చెప్పు" అని అడిగి, తర్వాత పదేసి కుప్పలు పెట్టించండి. అక్కడితో పదుల లెక్క మొదలైనట్టే.

అమ్మమ్మగారి ఇంట్లో పాత సోల, తవ్వ, మానిక ఉంటే అడిగి తెచ్చుకోండి. రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుంది, రెండు తవ్వలు పోస్తే మానిక నిండుతుంది. బియ్యం పోస్తూ, ఒంపుతూ, మళ్లీ పోస్తూ పిల్లలు 'రెట్టింపు', 'సగం' అన్నవి చేత్తో తెలుసుకుంటారు. అవి లేకపోతే స్టీలు గ్లాసులు, లోటాలు చాలు. ఇక్కడ ఒకటి గమనించండి. పొడుగు గ్లాసులోని నీళ్లు వెడల్పాటి గిన్నెలో పోస్తే "తగ్గిపోయాయి" అంటారు నాలుగేళ్ల పిల్లలు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే దీన్ని విస్తారంగా పరిశీలించారు. ఏడేళ్ల ప్రాంతానికి గానీ అది కుదురుకోదు. "కాదమ్మా, అంతే ఉన్నాయి" అని చెప్పి ఒప్పించే పని పెట్టుకోకండి. తిరిగి గ్లాసులో పోసి చూడమనండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

చపాతీ పిండి ముద్ద ఇంకో మంచి వస్తువు. దాన్ని తాడులా పాముతూ, చుట్టి సున్న చేసి, దాని మీద చిన్న తలకట్టు పెడితే 'ర' తయారు. గుండ్రటి మన అక్షరాలకు పిండి తాడు చక్కగా ఒదుగుతుంది. పలక మీద దిద్దించడానికి ముందు నాలుగైదు నెలలు ఇలా చేయించండి, వేళ్లకు అలవాటవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇల్లంతా బియ్యం, నీళ్లు. పాత దుప్పటి పరిచి, దాని మీదే ఆడాలని మొదటి రోజే నియమం పెట్టేస్తే ఊడ్చుకునే పని సగం తగ్గుతుంది. గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు, కాబట్టి పక్కన మనిషి లేకుండా ఇవ్వకూడదు. మూడేళ్లలోపు వాళ్లకు శనగలు, వేరుశనగలు, చింతపిక్కలు అసలే వద్దు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంటుంది. అంటే మీటింగ్‌లో ఉన్న అమ్మకో, నాన్నకో ఈ ఎంపిక కుదరదు. వంట చేస్తూ పిల్లల్ని పక్కన పెట్టుకోగలిగేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు.

## గవ్వలు, చింతపిక్కలు, తొక్కుడుబిళ్ల, ముగ్గు

అష్టాచెమ్మా గడులు ఐదైదులు ఇరవై ఐదు. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిల పడ్డాయో వేలు పెట్టి లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పడం కొన్నాళ్లకు వచ్చేస్తుంది. తర్వాత అన్ని గడులు జరపాలి, అవతలివాళ్ల కాయ ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు బండ మీద అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడుతుంది. నల్లవైపు ఒకటి, తెల్లవైపు ఒకటి. అరగదీసేటప్పుడు పిక్క చురుక్కుమనేంత వేడెక్కుతుంది, దాన్ని పక్కవాళ్ల చేతికి అంటించడం ఆటలో ఆట. రాపిడికి వేడి పుడుతుందన్న సంగతి పిల్లలు అలా చర్మంతో తెలుసుకుంటారు.

వామనగుంటలకు ఏడేసి గుంటలతో రెండు వరసలుండే పీట కావాలి. లేకపోతే సుద్దముక్కతో నేల మీద గడులు గీయండి. నాలుగున్నరేళ్ల వాళ్లకు మొత్తం పద్నాలుగు గుంటలూ ఎక్కువే. వరసకు మూడు గుంటలు, గుంటకు మూడు గింజలతో మొదలుపెడితే ఒక్కొక్కటి పంచుకుంటూ పోవడం పట్టుబడుతుంది.

ముగ్గు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాన్ని చదువుగా చూసేవాళ్లు తక్కువ. మూడు చుక్కలు పెట్టి, సందుచుక్క ఒకటి వచ్చేవరకు అంటే మధ్యలో 3, అటూ ఇటూ 2, 1. మొత్తం తొమ్మిది. ఐదు చుక్కలతో అదే పద్ధతిలో పెడితే ఇరవై ఐదు. ఐదేళ్ల పిల్లలు ఇది వేసి చూసి ఆశ్చర్యపోతారు. చుక్కల్ని కలపడంలో అటువైపు ఎలా ఉందో ఇటువైపూ అలాగే రావాలన్న లెక్క ఉంటుంది. పిండి చిటికెడు తీసి సన్నగా వదలడానికి వేళ్ల మీద మంచి అదుపు కావాలి. బజారు ముగ్గుపిండి దుమ్ము లేస్తుంది, పిల్లలకు బియ్యప్పిండో, తడిపిన సుద్దముక్కో ఇవ్వండి. మగపిల్లలతో కూడా వేయించండి, ఇది అందరి చేతులకూ కావాల్సిన పని.

ఒళ్లు కదిలే ఆటలు ఎవరూ మర్చిపోకూడదు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని, అందులో ఒక గంటైనా ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో తొక్కుడుబిళ్ల గీసినా, మేడ మీద దాగుడుమూతలు ఆడినా సరిపోతుంది.

ఈ ఆటల్లో చిక్కల్లా వయసు, తోడు. మూడేళ్ల వాళ్లకు నియమాలు పట్టవు, గవ్వలు విసిరేసి నవ్వుతారు. ఓడిపోతే ఏడుస్తారు. నాలుగున్నర, ఐదు వచ్చేదాకా తొందరపడకండి. పైగా ఎదురుగా కూర్చుని నిజంగా ఆడే మనిషి ఉండాలి. ఫోన్ చూస్తూ గవ్వలు వేస్తే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది.

## చెక్క బొమ్మలు

ఇక్కడ మన రెండు ఊళ్ల బొమ్మల మధ్య తేడా తెలిసి కొనాలి. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుడు యంత్రం మీద తిప్పుతూ లక్క పట్టిస్తారు. అంచులు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగుల్ని అక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. గిలక్కాయలు, బొంగరాలు, లక్కపిడతలు పిల్లల చేతికి ఇవ్వడానికి అనువైనవి. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి.

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసినది. చాలా తేలిక, మెత్తన. ముక్కల్ని అతికించడానికి చింతగింజల పిండితో చేసిన ముద్ద వాడతారు. ఎద్దులబండి, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు చూడముచ్చటగా ఉంటాయి గానీ కింద పడితే చెయ్యో కాలో విరుగుతుంది, పైన పూసినది రంగు. నోట్లో పెట్టుకునే వయసులో ఇవ్వకూడదు. ఐదేళ్లు దాటాక కథలు చెప్పించడానికి మాత్రం ఇంతకంటే మంచివి దొరకవు. సంక్రాంతి బొమ్మల కొలువుకు తీసిన పెట్టెను మళ్లీ అటక ఎక్కించకుండా, నాలుగు బొమ్మలు కింద ఉంచి "ఈ బండి ఏ ఊరు పోతోంది?" అని అడగండి.

లక్కపిడతలతో ఆడే ఉత్తుత్తి వంట దగ్గర పిల్లల మాట వినాలి. "పప్పు మాడిపోయింది, స్టవ్ తగ్గించు" అని మన గొంతుతోనే మనకు చెబుతారు. నిన్న జరిగింది, రేపు జరగబోయేది, నువ్వు, నేను, వాళ్లు, అన్నీ అక్కడ వాక్యాల్లోకి వస్తాయి. సెట్టు ఒక్కటి కొంటే మూడేళ్లు నడుస్తుంది.

## బ్లాకులు

ఇంటి నుంచి పనిచేసే అమ్మానాన్నలు డబ్బు పెట్టి కొనాల్సింది ఒక్కటే అయితే బ్లాకులు కొనండి. పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కుదురుగా ఆడే వస్తువు ఇదే. జర్మనీలో 1837లో తొలి కిండర్‌గార్టెన్ పెట్టిన ఫ్రోబెల్ కూడా చిన్న చెక్క ఘనాలనే పిల్లల చేతికిచ్చాడు.

మూడేళ్ల వాళ్లకు గుప్పిట్లో పట్టేంత పెద్దవి, ఐదు దాటాక చిన్నవి. కారు తయారయ్యే సెట్టు, కోట తయారయ్యే సెట్టు అని ఒకే బొమ్మ కోసం చేసినవి వద్దు. ఆ కారు కట్టేశాక ఆట అయిపోతుంది. ఏమీ చెప్పని మామూలు బ్లాకులే ఏళ్ల తరబడి కొత్తగా ఉంటాయి. కొనే వీలు లేకపోతే ఖాళీ అగ్గిపెట్టెలు, అట్టపెట్టెలు, టీపొడి డబ్బాలు పోగుచేయండి.

లోటు ఒకటే, మాట తక్కువ. పని మధ్యలో లేచి నీళ్లు తాగడానికి వెళ్లేటప్పుడు ఒక ప్రశ్న వేయండి. "ఇదేంటి?" అంటే "ఇల్లు" అని ఊరుకుంటారు. "ఈ ఇంట్లో ఎవరుంటారు? వాళ్లకి వంటిల్లు ఎటువైపు?" అంటే కథ మొదలవుతుంది.

## కిట్లు, కార్డులు, తెరలు

మాంటిస్సోరి పద్ధతి మంచిదే. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన పిల్లల ఇంట్లో ప్రతి వస్తువూ ఒక్క విషయమే నేర్పేది, తప్పు చేస్తే ఆ వస్తువే చూపించేది. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కానీ ఈరోజు ఆ పేరు వేసి అమ్మే పెట్టెలన్నీ ఆ పద్ధతిలో చేసినవి కావు. పెద్దది కింద, చిన్నది పైన వచ్చేలా పేర్చే మాంటిస్సోరి వారి గులాబీ రంగు ఘనాల గోపురం ఏం నేర్పుతుందో, ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు డబ్బాల సెట్టు కూడా అదే నేర్పుతుంది. చిన్న డబ్బా లోపలికి వెళ్లకపోతే తప్పెక్కడో డబ్బాలే చెబుతాయి. మనసుపడితే సిలిండర్ల చెక్క (ఒక్కో రంధ్రంలో సరిపోయే సైజు సిలిండర్‌ని పెట్టే చెక్క దిమ్మ) లాంటిది ఒకటి కొనండి. నెలనెలా వచ్చే సబ్‌స్క్రిప్షన్ పెట్టెలు వద్దనే చెబుతాను, పాతది ముగియకముందే కొత్తది వస్తుంది.

ఫ్లాష్ కార్డు మీద వంకాయ చూపించి 'వంకాయ' అనిపించడం కంటే, మార్కెట్లో ముచ్చిక పట్టుకుని చూపించడం మేలు. వర్క్‌బుక్కులు ఐదు దాటాక, అదీ పిల్లలు అడిగితే.

తెరల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని. ఊళ్లో ఉన్న తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడటం నేను ఇందులో కలపను, అక్కడ ఎదురు మాట్లాడే మనిషి ఉన్నాడు.

## ఎవరికి ఏది?

ఇద్దరూ ఉద్యోగస్థులై, ఇంటి నుంచి పని చేస్తుంటే. పగలు బ్లాకులు, లక్కపిడతలు. సాయంత్రం వంట వేళ అరగంట గింజలు, నీళ్లు. మిగతావన్నీ సెలవు రోజులకు. రోజంతా ఇద్దరికీ ఖాళీ లేకపోతే ఇంటి చదువు మీద పట్టుదల వద్దు. దగ్గర్లో మంచి ప్లేస్కూలు ఉంటే సగం పూట పంపడంలో తప్పేమీ లేదు. అంగన్‌వాడీలోనూ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉచితంగా పూర్వ ప్రాథమిక విద్య ఉంటుంది, వెళ్లి చూడండి.

అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతుంటే. మీ దగ్గర ఉన్నదే అసలైన కిట్టు. గవ్వలు, గుంటలు, ముగ్గు, సామెతలు, పొడుపుకథలు. కింద కూర్చుని లేవలేని పెద్దవాళ్ల కోసం టేబుల్ మీదే పీట పెట్టి ఆడించండి. వాళ్ల నడుం కూడా చూసుకోవాలి కదా.

ఇంట్లో ఏడాది, రెండేళ్ల చిన్నది కూడా ఉంటే. గింజలు, గవ్వలు, చిన్న బ్లాకులు అన్నీ పక్కన పెట్టండి, లేదా చిన్నది నిద్రపోయేటప్పుడే తీయండి. రెండు వయసులకూ కలిసి పనికొచ్చేవి పెద్ద బ్లాకులు, గిన్నెలు, నీళ్లు, చపాతీ పిండి. నీళ్ల బకెట్ దగ్గర ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లకూడదు.

విదేశాల్లో ఉంటే. ఇంగ్లిషు ఎలాగూ వీధిలో వస్తుంది, తెలుగు ఇంట్లోనే రావాలి. మీకు మాట పుట్టించే ఆటలే ముఖ్యం: ఉత్తుత్తి వంట, అష్టాచెమ్మా, కథ చెప్పించే బొమ్మలు. ఆరేళ్ల కంటే ముందే బడి తప్పనిసరి చేసిన చోట్లున్నాయి. జర్మనీలో బడి వయసు వచ్చాక ఇంటి చదువుకు అనుమతి దాదాపు ఉండదు. అక్కడి నియమం చూసుకోండి.

పిల్లలకు మాట ఆలస్యమవుతుంటే. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, బొమ్మల్ని మార్చి చూస్తూ నెలలు గడపకండి. పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష చేయించండి.

ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు మొదటి నెల ఏమీ కొనకుండా వంటిల్లు, అట్టపెట్టెలు, సుద్దముక్కలతోనే నడపండి. పాప పోసేవాటి వైపు వెళ్తోందా, పేర్చేవాటి వైపా, ఉత్తుత్తి ఇల్లు ఆడుతోందా అని ఆ నెలలో తెలిసిపోతుంది. పేర్చే పిల్లలకు బ్లాకులు, ఇల్లు ఆడేవాళ్లకు లక్కపిడతలు, పోసేవాళ్లకు ఒక వెడల్పాటి టబ్బు, రెండు గరాటులు. రెండోది కొనడానికి మూడు నెలలు ఆగండి. ఒకేసారి ఆరేడు వస్తువులకు మించి బయట ఉంచకండి. మిగతావి అటక మీద పెట్టి, పిల్లలు వాటిని మర్చిపోయాక దించండి.